ఒపినెల్ 8వ నంబరు చాకు: ఇక కొనను అని ఒట్టేశాక ఇంటికొచ్చింది

ముందు నా జబ్బు సంగతి చెప్పాలి, లేకపోతే ఈ రివ్యూని ఎంతవరకు నమ్మొచ్చో మీకు తెలీదు. మా ఇంట్లో టీవీ కింద సొరుగులో పదిహేడు మడత చాకులున్నాయి. నేను వేటకి వెళ్ళను, కొండలెక్కను, బ్యాంకులో లోన్ల సెక్షన్లో కూర్చుంటాను. రోజు మొత్తంలో నాకు చాకుతో పడే పని ఏదైనా ఉందంటే కొరియర్ డబ్బా టేపు కోయడం, ఆ డబ్బాలో ఉండేది చాలాసార్లు ఇంకో చాకే.

మొదలైంది స్విట్జర్లాండు కంపెనీ విక్టోరినాక్స్ వాళ్ళ క్లాసిక్‌తో. మడిస్తే 58 మిల్లీమీటర్లు, తాళాల గుత్తికి వేలాడుతుంది, బుద్ధిగా దాంతో ఆగాల్సింది. బ్లేడు మరీ చిన్నదని 91 మిల్లీమీటర్లది కొన్నాను, ఎర్ర ప్లాస్టిక్ పిడి మొహం మొత్తిందని అల్యూమినియం పిడిది, తర్వాత స్టీలు పేర్ల పిచ్చి పట్టుకుంది. డీ2 అట, 14సీ28ఎన్ అట, అంతకు ముందు నాకు స్టీలంటే స్టీలే, ఇప్పుడు రాత్రి పదకొండున్నరకి దుప్పట్లో ఫోను పెట్టుకుని ఏది ఎంత గట్టిది, ఏది తుప్పు పట్టదు అని పోల్చుకుంటూ కూర్చోవడం. అసలు మజా చాకులో కూడా లేదండీ, ఆర్డరు పెట్టాక అది ఇంటికి చేరేలోపు ఉండే నాలుగు రోజుల్లో ఉంది. వచ్చాక ఓ గంట టక్కు టక్కుమని తెరిచి మూసి, కాగితం కోసి, చేతి మీద వెంట్రుకలు గీసి చూసుకుని, సొరుగులో పడేస్తాను. ఓసారి ఏదో పేరున్న కంపెనీదని తెప్పిస్తే నకిలీది తగిలింది, అమ్మినవాడు ఫోనెత్తలేదు. అయినా బుద్ధి రాలేదు, అదీ ఆ సొరుగులోనే ఉంది, పదిహేడులో ఒకటి.

పోయిన దసరాకి దొరికిపోయాను. ఆయుధపూజ కదా అని అన్నీ తీసి పీట మీద వరసగా పేర్చి కుంకుమ బొట్లు పెడుతుంటే మా ఆవిడ లెక్కపెట్టింది. "ఏవండీ, వీటిలో ఒక్కదాంతోనైనా ఒక్క ఉల్లిపాయ కోశారా?" అంది. నా దగ్గర సమాధానం లేదు. అక్కడే, అమ్మవారి ముందే, ఇంక చాకు కొనను అని ఒట్టేయించుకుంది.

కొనను అన్నాను గానీ తెప్పించుకోను అనలేదు. మా అక్క కొడుకు ఫ్రాన్సులో గ్రెనోబుల్‌లో చదువుతున్నాడు. సంక్రాంతికి వస్తున్నానంటే ఈ ఒపినెల్ కావాలని నోరు తెరిచి అడిగాను. పదిహేను యూరోల లోపే అయిందట, చెకిన్ బ్యాగులో పెట్టి తెచ్చాడు (చేతి సంచిలో పెట్టుకుంటే విమానం ఎక్కనివ్వరు, తాళాల గుత్తికి ఉందన్న సంగతి మర్చిపోయి నా మొదటి 58 మిల్లీమీటర్లదాన్ని సెక్యూరిటీ వాళ్ళ డబ్బాలో వేసి వచ్చినవాణ్ణి నేను). ఇస్తూ, "మామయ్యా, అక్కడ కత్తి ఊరికే ఇవ్వకూడదంటారు, స్నేహం తెగిపోతుందట, ఒక రూపాయి ఇవ్వు" అన్నాడు. ఇచ్చాను. రూపాయి ఇచ్చావు కాబట్టి కొన్నట్టే, ఒట్టు తప్పినట్టే అని మా ఆవిడ తీర్పు.

ఇక చాకు సంగతి. ఆల్ప్స్ కొండల్లో సవోయ్ అనే ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ అనే కుర్రాడు 1890లో దీన్ని చేశాడు. వాళ్ళ నాన్నకి గొడ్డళ్ళూ కొడవళ్ళూ చేసే కొలిమి ఉండేది, మన కమ్మరి కుటుంబాల్లాగే. 1897లో 1 నుంచి 12 దాకా నంబర్లేసి పన్నెండు సైజులు తెచ్చాడు. విచిత్రం ఏంటంటే స్విట్జర్లాండులో విక్టోరినాక్స్ పెట్టిన కార్ల్ ఎల్సెనర్ తన ఆఫీసర్ల చాకుని, అంటే ఇవాళ మనం స్విస్ నైఫ్ అంటున్నదాన్ని, రిజిస్టర్ చేయించుకుంది కూడా 1897లోనే. నాలాంటివాళ్ళ కొంప ముంచడానికి ఆ ఒక్క సంవత్సరం చాలింది.

స్విస్ చాకులో కత్తెర, రంపం, పుల్ల, పట్టకారు అన్నీ ఉంటాయి. ఇందులో ఏమీ లేదు. బీచ్ అనే చెట్టు చెక్కతో పిడి, 8.5 సెంటీమీటర్ల బ్లేడు, ఒక సీల, మెడ దగ్గర ఇనప పట్టీ, దాని మీద తిరిగే ఉంగరం. స్ప్రింగ్ కూడా లేదు, మంగలి కత్తిలాగా బిగువు మీదే తెరుచుకుని బిగువు మీదే మూసుకుంటుంది. కోస్తుంటే వేళ్ళ మీదకి ముడుచుకోకుండా ఆ ఉంగరం తిప్పితే తాళం పడుతుంది, 1955లో జోసెఫ్ కొడుకు మార్సెల్ పెట్టిన ఏర్పాటు అది. గోరు పెట్టి రెండు చేతులతో తెరవాలి. ఒంటి చేత్తో టప్పున విసిరి తెరిచే సరదా ఉన్నవాళ్ళకి ఇది పప్పూ చారూ లాంటిది. బ్లేడు మీద కిరీటం కింద ఒక చెయ్యి ముద్ర ఉంటుంది, నేను మొదటిసారి చూసి అభయహస్తం అనుకున్నాను, నిజానికి అది దగ్గర్లోని సాన్ జాన్ ద మోరియెన్ అనే ఊరి గుర్తులోంచి తీసుకున్న దీవించే చెయ్యే, కాబట్టి నేనేం పెద్దగా తప్పు పోలేదు.

స్టెయిన్‌లెస్‌ది కూడా దొరుకుతుంది. నేను కావాలనే కార్బన్ స్టీలుది అడిగాను. మార్చిలో తోటలోంచి కాయలొచ్చాయి, పచ్చి మామిడికాయ, పుల్లగా, పళ్ళు జివ్వుమనేది. ఉప్పూ కారం కలిపి పెట్టుకుని చెక్కు తీయకుండానే ముక్కలు కోశాను. బ్లేడు ఎంత పల్చగా ఉంటుందంటే కాయ చిట్లదు, టెంక దాకా జారుకుంటూ వెళ్ళిపోతుంది. నా దగ్గరున్న ఖరీదైన చాకులన్నీ బ్లేడు మందంగా ఉండి కాయని కోయవు, చీలుస్తాయి, పదును తక్కువై కాదు, వెనక దళసరి ఎక్కువై. కోస్తుండగానే మెరుస్తున్న బ్లేడు మీద నీలం, ఊదా, బూడిద రంగు పొరలొచ్చాయి, వాన నీళ్ళ మీద పెట్రోలు పడితే వచ్చే రంగుల్లాగా. మర్నాటికి నల్లబడింది. మొదటి రెండు ముక్కలకి కాస్త ఇనప రుచి కూడా వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది, మా అమ్మమ్మ కత్తిపీట ఇలాగే ఉండేది! అరటికాయలూ మామిడికాయలూ కోసీ కోసీ నల్లగా నిగనిగలాడుతూ, అంచు ఒక్కటే తెల్లటి గీతలా. ఆ నలుపు కింద ఎర్ర తుప్పు తొందరగా పట్టేది కాదు, ఆవిడ దాన్ని ఎప్పుడూ తోమి తెల్లబరచనిచ్చేది కాదు. ఇప్పుడు నా చాకు కూడా అదే రంగుకొచ్చింది, పదిహేడు మెరుపుల మధ్య ఒక్క నల్లది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. పిడి చెక్క కాబట్టి తేమకి ఉబ్బుతుంది, ఎక్కడైనా చెక్క చేసే పనే అది, మన కోస్తా వానాకాలం గురించి చెప్పనక్కర్లేదు. ఉబ్బితే బ్లేడు పిడిలో బిగుసుకుపోయి గోటికి రాదు. దీనికి సవోయ్ వాళ్ళ చిట్కా ఒకటుంది: ఉంగరం తాళం తీసేసి, పిడి వెనక మడమని బల్ల అంచుకేసి టక్కున కొడితే బ్లేడు కొస బయటికి లేస్తుంది, పట్టుకుని లాగడమే. మరీ ఇబ్బందిగా ఉంటే గాడి లోపల గరుకు కాగితంతో కొద్దిగా రుద్దుకోవచ్చు. పంపు కింద కడగకండి, తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో తుడిచి, బ్లేడుకి ఓ చుక్క కొబ్బరినూనె రాయండి. వేరుశెనగ నూనె వద్దు, జిగురు కడుతుంది. సీల దగ్గర కుట్టుమిషన్ నూనె. చదువుతుంటేనే విసుగ్గా ఉందా, అయితే స్టెయిన్‌లెస్‌ది తీసుకోండి, సింకులో పడేసి మర్చిపోయే ఇళ్ళకి అదే మంచిది.

పదును సంగతికొస్తే, వీధిలో సైకిలు చక్రం తొక్కుతూ సాన పట్టే ఆయనకి మాత్రం ఇవ్వకండి, నిప్పురవ్వలు లేస్తాయి చూడండి, ఆ వేడికి ఇంత పల్చటి అంచు గట్టిదనం పోతుంది. ఆవకాయ జాడీని బోర్లించండి. అడుగున మెరుపు పూత లేని గరుకు వలయం ఉంటుంది, దాని మీద నెమ్మదిగా ఒక్కో పక్క పదిసార్లు గీస్తే చాలు. నేను జపాను సానరాయి కూడా కొన్నాను, వాడుతున్నది మాత్రం జాడీనే. కొబ్బరి చిప్పలోంచి కొబ్బరి పెకలించడం, డబ్బా మూతలు లేపడం ఈ బ్లేడు పని కాదు, కొస వంగిపోతుంది, అలాంటివాటికి వంటింట్లో పాత చెంచా ఉంటుంది కదా.

జేబులో పెట్టుకుంటే పోలీసులు పట్టుకుంటారా అని మా బావమరిది భయం. ఆయుధాల నిబంధనల్లో లైసెన్సు మాట వచ్చేది 9 అంగుళాల కంటే పొడవో 2 అంగుళాల కంటే వెడల్పో ఉన్న బ్లేళ్ళకి, ఇది మూడున్నర అంగుళాలు కూడా లేదు. అయినా గుడికీ సినిమాకీ మెటల్ డిటెక్టర్ ఉన్న ఏ చోటికీ పట్టుకెళ్ళను. గేటు దగ్గర వాదించే ఓపిక నాకు లేదు.

ఎనిమిది నెలలైంది. నిజం చెప్పాలంటే పద్దెనిమిదింట్లో సొరుగులోకి వెళ్ళకుండా డైనింగ్ టేబుల్ మీదే ఉండిపోయింది ఇదొక్కటే. జామకాయలు, యాపిల్, కొరియర్ డబ్బాలు, పూల పొట్లం దారాలు, అన్నీ దీంతోనే. మా ఆవిడ కూడా ఓ రోజు దీంతో నిమ్మకాయ కోసి ఏమీ అనకుండా తుడిచి పెట్టింది, అంతకంటే పెద్ద సర్టిఫికెట్ నాకెవరూ ఇవ్వలేదు. మీ దగ్గర ఒక్క చాకు కూడా లేకపోతే కళ్ళు మూసుకుని ఇది కొనుక్కోండి.

నాలాంటివాళ్ళకి మాత్రం ఒక హెచ్చరిక. ఇంత చవకైన, ఇంత సాదా చాకు పని చేస్తోంది కదా, ఇక దురద తగ్గుతుంది అనుకున్నాను. నంబర్లున్నాయి కదండీ! పన్నెండులో 1, 11 తర్వాత ఆపేశారు, పది మిగిలాయి. 6వ నంబరు చొక్కా జేబులో పడుతుందేమో, 10వ నంబరు పుచ్చకాయకి బాగుంటుందేమో, చిన్న 2వ నంబరు అయితే అసలు బొమ్మలా ఉంటుంది. సొరుగు వరసగా పేర్చుకునే మనిషికి నంబర్లేసి అమ్మడం ఏం న్యాయం చెప్పండి. ఒట్టు గుర్తుంది కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. పెరట్లో మునగ చెట్టు కొమ్మలు మాత్రం బాగా పెరిగిపోయాయి, గోడ దాటి పక్కింటి వైపు వాలుతున్నాయి. 12వ నంబరులో మడత రంపం ఉంది. డిసెంబరులో మేనల్లుడు మళ్ళీ వస్తున్నాడు, మెసేజ్ పెట్టాను. రంపం చాకు కాదు.