బంబుల్‌బీ బొమ్మ అల్లిక కిట్: ఊలు సూపర్, మిగతాదంతా గోవిందా

అక్క మనవరాలి మొదటి పుట్టినరోజుకి చేత్తో అల్లిన బొమ్మ ఇద్దామని ఆన్‌లైన్‌లో 700 పెట్టి ఈ కిట్ తెప్పించా. బంబుల్‌బీ అంటే పసుపు, నలుపు చారలుండే బొద్దు తేనెటీగ లాంటి పురుగు. ఊలు వరకు వంక పెట్టడానికి లేదు. పసుపు, నలుపు, రెక్కలకి కాస్త తెలుపు, అన్నీ మెత్తటి అక్రిలిక్. నల్ల దారాన్ని తడిపి తెల్లగుడ్డలో నలిపి చూశా, రంగు దిగలేదు. ఇది మాత్రం ఎవరైనా చూసుకోవాలి, నలుపు దిగిందంటే మొదటి ఉతుక్కే పక్కనున్న పసుపు ఖరాబు.

సూదులు చూస్తేనే నవ్వొచ్చింది. అంత సన్న ఊలుకి 4 మిల్లీమీటర్ల సూదులు ఇచ్చారు! స్వెటర్‌కైతే సరేగానీ, లోపల దూది కుక్కే బొమ్మకి అల్లిక బిగువుగా ఉండాలి, లేకపోతే కుట్ల సందుల్లోంచి తెల్లగా దూది కనపడుతుంది, నల్ల చార దగ్గరైతే మరీ అసహ్యంగా. ఇంట్లో ఉన్న 3 మిల్లీమీటర్ల జతతో అల్లాను. బొమ్మ కాస్త చిన్నదైంది, పర్లేదు, పిల్ల చేతిలో ఇముడుతుంది.

ఇక వివరాల కాగితం. అన్నీ ఇంగ్లీషు పొడి అక్షరాలే, కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాదు. పైగా చార మారినప్పుడల్లా దారం తెంపమన్నారు. ఎందుకండీ? రెండేసి వరసల చారలే కదా, వాడని రంగుని అంచు వెంబడే పైకి లాక్కుంటూ పోతే సరిపోతుంది, ఆ కుట్టు ఎలాగూ పొట్టకిందకి వెళ్ళిపోతుంది. తెంపుకుంటూ పోతే చివర్లో ఆ కొసలన్నీ సూదితో లోపలికి దూర్చలేక ప్రాణం పోతుంది. రెక్కలు కూడా రెండే చూపించారు, నిజం పురుగుకి నాలుగుంటాయి, నేను నాలుగూ పెట్టా. అన్నట్టు ఇది మన పెరట్లో దూలాలు తొలిచే నల్ల తుమ్మెద కాదు, బంబుల్‌బీలు చలి ప్రాంతాల పురుగులు, మన దేశంలో ఎక్కువగా హిమాలయాల వైపే ఉంటాయి.

అసలు కోపం కళ్ళ దగ్గర వచ్చింది. గమ్‌తో అతికించే ప్లాస్టిక్ కళ్ళు, మీసాలకి తీగ! కిట్ డబ్బా మీద ఏడాది పిల్ల ఫొటో వేసి, లోపల ఇవా పెట్టేది? ఊడితే తిన్నగా నోట్లోకే. 3 ఏళ్ళలోపు పిల్లల బొమ్మకి ఊడొచ్చే చిన్న ముక్క ఏదీ ఉండకూడదు. దూదికి బదులు స్పాంజి ముక్కలు ఇచ్చారు, వాటితో పొట్టంతా గడ్డలు గడ్డలుగా తేలింది. తీసి పారేసి మా ఊళ్ళో వన్‌టౌన్ బజారుకి వెళ్ళా. అక్కడ ఊలు షాపాయన, నేను వెనక నట్టు బిగించే కళ్ళు అడిగితే ఇవ్వలేదు. “ఎంత పిల్లకి అక్కా?” అన్నాడు. చెప్పాక, “అయితే ఏ కళ్ళూ వద్దు, నల్లదారంతో కుట్టేయండి” అని ఫైబర్ దూది ఒక్కటే తూచి ఇచ్చాడు. అమ్ముకునే అవకాశం ఉన్నా వద్దన్నాడు చూడండి, ఆయనకి ఫుల్ మార్కులు. ఆ దూదిని కొంచెం కొంచెంగా ఏకి, ముందు తలలో, తర్వాత పొట్టలో నింపితే చక్కగా గుండ్రంగా వచ్చింది. మీసాలు కూడా ఊలుతోనే కుట్టేశా.

కిట్‌కి నా రేటింగ్ 5కి 2, ఆ రెండూ ఊలుకే. అల్లడం వచ్చినవాళ్ళు దీని జోలికి పోకండి, వన్‌టౌన్‌లో రెండు ఉండలు, గుప్పెడు దూది విడిగా కొనుక్కుంటే చాలా తక్కువలో అయిపోతుంది. కొత్తవాళ్ళయితే షాపుకి మధ్యాహ్నం పూట వెళ్ళండి, రద్దీ లేనప్పుడు కుట్లు పెంచడం, తగ్గించడం ఆయనే అల్లి చూపిస్తాడు.