పెన్‌డ్రైవ్ వీడియో తెరవడానికి ఏది మేలు: వీఎల్‌సీనా, విండోస్‌తో వచ్చిన ప్లేయరా?

తిరుపతిలో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే షాపుల్లో కంప్యూటర్‌కి రోజూ ఎవరెవరివో పెన్‌డ్రైవ్‌లు పెడుతుంటారు. శ్రీనివాస మంగాపురంలో పెళ్లి చేసుకుని వెళ్లిన బెంగళూరు వాళ్లది ఒకటి, పుత్తూరు వాళ్లది ఇంకొకటి. "అన్నా, ఇందులో మా వాళ్లు ఫోన్‌లో తీసినవి ఉన్నాయి, అవి కూడా కలుపు" అంటారు. ఆ ఫైళ్లను ముందుగా తెరిచేది మీడియా ప్లేయరే.

వీడియో ఫైలే కదా, ఏం చేస్తుందిలే అని చాలామందికి ధీమా. ఫైలు లోపల ఫలానా భాగం ఇంత సైజు అని రాసి ఉంటుంది. ప్లేయర్ ఆ అంకెను నమ్మి అంతే మెమరీ తీసిపెడుతుంది. తీరా డేటా అంతకంటే ఎక్కువ ఉండి, ప్లేయర్ సరిచూసుకోకపోతే, మిగిలింది పక్క మెమరీలోకి పొర్లుతుంది. ఆ పొర్లే భాగాన్ని తెలివిగా రాసినవాడి చేతికి కంప్యూటర్ చిక్కవచ్చు. సబ్‌టైటిల్ ఫైలుతోనూ ఇలాంటి పని చేయొచ్చని 2017లో చెక్ పాయింట్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ చూపించింది. అప్పుడు దొరికిపోయిన వాటిలో వీఎల్‌సీ, కోడి (Kodi) అనే ప్లేయర్ కూడా ఉన్నాయి.

వీఎల్‌సీ దాదాపు ప్రతి ఫార్మాట్‌నూ తనలోనే చదువుకుంటుంది. అన్ని తలుపులుంటే గడియలు కూడా అన్ని కావాలి. 2019 జూన్‌లో వచ్చిన 3.0.7 వెర్షన్‌లో ఒకేసారి 30కి పైగా భద్రతా లోపాలు సరిచేశారు. తప్పులు వెతికిపెట్టిన వాళ్లకు యూరోపియన్ యూనియన్ డబ్బులిచ్చిన ఫలితం అది. "అన్ని లోపాలా, మాకొద్దు" అనేవాళ్లున్నారు. నాకైతే వెతికి సరిచేసి బయటికి చెప్పిన ప్లేయర్ మీదే నమ్మకం ఎక్కువ.

విండోస్‌తో వచ్చే ప్లేయర్‌కి ఒక సుఖం ఉంది: దిద్దుబాట్లు మైక్రోసాఫ్ట్ నుంచే వస్తాయి, మనం విడిగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు. చిక్కు వచ్చేది ఐఫోన్ వీడియోతో. అది వాడే హెచ్‌ఈవీసీ రకం ఫైలు తెరవగానే దాన్ని చదివే కోడెక్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ కావాలంటుంది, స్టోర్‌లోకి వెళ్తే డబ్బులు కట్టమంటుంది. కుర్రాడు గూగుల్‌లో 'ఫ్రీ కోడెక్ ప్యాక్' అని కొట్టి ఏదో ఒకటి దించేస్తాడు. ప్లేయర్‌లో లేని ప్రమాదాన్ని మనమే తెచ్చి పెట్టుకున్నట్టు.

విండోస్ 7 మీదే నడుస్తున్న షాపులైతే అసలు ఆలోచించక్కర్లేదు. దానికి మైక్రోసాఫ్ట్ 2020 జనవరిలోనే సపోర్ట్ ఆపేసింది, అందులోని ప్లేయర్ కూడా అక్కడే ఆగింది. వీఎల్‌సీ 3 వరస దాని మీదా నడుస్తుంది, కాబట్టి అక్కడ వీఎల్‌సీయే. విండోస్ 11 ఉంటే ఇంట్లో మామూలు వాడకానికి రెండూ సరిపోతాయి. షాపులో మాత్రం నా ఓటు వీఎల్‌సీకే, కోడెక్ వేట ఉండదు కనుక.

ఈ రెండింటి మధ్య వాదులాడుకునే షాపులోనే మూడోది ఒకటి దాక్కుని ఉంటుంది: కెమెరా ఎంఓవీ ఫైళ్ల కోసం ఎప్పుడో వేసిన ఆపిల్ వాళ్ల ప్లేయర్ క్విక్‌టైమ్. విండోస్‌లో దాన్ని ఆపిల్ 2016లోనే వదిలేసింది. దిద్దని లోపాలున్నాయి, తీసేయండని అమెరికా ప్రభుత్వమే అప్పట్లో చెప్పింది. పాత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అది లేకుండా కదలనని మొండికేస్తే, ఆ సిస్టమ్‌కి నెట్ తీసేసి, బయటి పెన్‌డ్రైవ్‌లు వేరే దాంట్లో చూసుకోవాలి.

ఫోన్‌లో ఏ ప్లేయరైనా ప్లే స్టోర్ అప్‌డేట్ ఆగకుండా ఉంటే చాలు.

ఇక వీఎల్‌సీని ఎక్కడినుంచి తెచ్చుకున్నారన్నది. 2022లో కొన్ని నెలలు వీఎల్‌సీని తయారుచేసే వీడియోలాన్ వాళ్ల సైటు మన దేశంలో తెరుచుకోలేదు, నవంబర్‌లో మళ్లీ వచ్చింది. అప్పుడు వేరే సైట్ల నుంచి దించుకుని పెన్‌డ్రైవ్‌లో పంచుకున్న సెటప్ ఫైలే ఇంకా వాడుతుంటే దాన్ని తీసేసి, అసలు సైటు నుంచి కొత్తది వేసుకోండి. ఆ తర్వాత హెల్ప్ మెనూలో 'చెక్ ఫర్ అప్‌డేట్స్' అప్పుడప్పుడూ నొక్కుతుండాలి. కొత్త వెర్షన్ వచ్చిందని అది చెబుతుంది గానీ, మనం ఒప్పుకుంటే తప్ప తనంతట తాను ఎక్కించుకోదు.