వెనక నడిచే మనిషి: షెఫీల్డ్ వాకింగ్ గ్రూపులో కొన్నేళ్ల తరువాత

ఇంగ్లాండ్‌లోని షెఫీల్డ్‌లో మా ప్రాంతపు వాకింగ్ గ్రూపులో చేరి కొన్నేళ్లు దాటింది. బూట్లు, వానకోటు, సభ్యత్వ రుసుము గురించి ఎవరిని అడిగినా చెబుతారు కనుక వాటి జోలికి పోను. నన్ను ఇన్నాళ్లు నిలిపి ఉంచినది బ్యాక్‌మార్కర్ అనే ఒక్క ఏర్పాటు. దారి తెలిసిన లీడర్ ముందు నడిస్తే మరొకరు అందరికన్నా వెనక నడుస్తారు. ఎవరెంత నెమ్మదిగా నడిచినా వారిని దాటి ఆ మనిషి ముందుకు పోరాదు. ఇక్కడి కాలిబాటలు చాలావరకు రైతుల సొంత పొలాల మీదుగా పోతాయి కాబట్టి, గొర్రెలున్న చోట గేటు మూసి ఉందో లేదో చూడటమూ ఆ మనిషి పనే.

ఈ ఏర్పాటు విలువ నాకు పూర్తిగా తెలిసివచ్చింది ఒక నవంబరు ఆదివారం. ఈడేల్‌లో రైలు దిగి, హాలిన్స్ క్రాస్ దగ్గర కొండ వరుస మీదికి ఎక్కి, బ్యాక్ టోర్ మీదుగా 476 మీటర్ల లూజ్ హిల్ చేరి, హోప్ స్టేషనుకు దిగాలన్నది ఆనాటి పథకం. హాలిన్స్ క్రాస్ చేరేసరికి నా మోకాలు మొరాయించింది. మబ్బు కిందికి దిగడంతో ముందు వెళ్తున్నవారు కనుమరుగయ్యారు. ఆనాటి బ్యాక్‌మార్కర్, ఉద్యోగ విరమణ చేసిన ఒక పెద్దాయన, నన్ను తొందరపెట్టలేదు, ధైర్యవచనాలూ చెప్పలేదు. బ్రిటన్ అధికారిక పటాల సంస్థ ఆర్డినెన్స్ సర్వే వారి 1:25,000 మ్యాపు విప్పి, బ్యాక్ టోర్ దగ్గర ఎక్కుడు ఎంత నిటారుగా ఉంటుందో ఎత్తుపల్లాలను తెలిపే సమోన్నత రేఖల మీద చూపించి, అవతలి వైపు దిగితే కాసల్టన్ వస్తుందనీ, అక్కడ 272 నంబరు బస్సు దొరుకుతుందనీ చెప్పి, నిర్ణయం నాకే వదిలారు. నేను దిగుదామనగానే లీడర్‌కు ఫోను చేసి, ఇద్దరు తగ్గారని లెక్క సరిచేయించారు. ఈడేల్‌లో చర్చి లేని రోజుల్లో శవపేటికలను ఈ కొండ మీదుగానే మోసుకెళ్లేవారని దిగుతూ చెప్పారు. ఆ మోకాలితో వినదగిన కబురు కాదు గానీ, దారి మాత్రం సాగింది. తన నడక సగంలో పోయినందుకు ఆయన ముఖంలో విసుగు కనిపించలేదు.

అయితే అందరూ ఆయనలా ఉండరు. ఇది స్వచ్ఛందంగా చేసే పని కనుక, ఆయన రాని రోజున లీడర్ ప్లాట్‌ఫాం మీదే ఎవరో ఒకరికి అప్పగిస్తారు. ఒకసారి అలా కుదిరిన యువకుడు మాటల్లో పడి ముందుకు సాగిపోతే, పొలాల్లో చాలాసేపు నేనొక్కదాన్నే నడిచాను. అంతకన్నా నాకు కష్టం కలిగించేది విరామాల పద్ధతి: ముందు చేరినవారు తాపీగా టీ తాగి, వెనకవాళ్లం కనబడగానే బయలుదేరతారు. విశ్రాంతి అక్కరలేనివారికి విశ్రాంతి, అవసరమైనవారికి నడక! వెనక ఒక మనిషి ఉన్నారు కదా అన్న ధీమాయే ముందువారి వేగాన్ని పెంచుతోందని నా అనుమానం. ఈ మాట కమిటీకి చెప్పాను. కొందరు లీడర్లు ఇప్పుడు మేము చేరాక కూడా కాసేపు ఆగుతున్నారు, కొందరు ఆగరు.

పిల్లలు పెద్దవారై, ఆదివారాలు ఖాళీగా ఉండి, స్టేషను దగ్గరలో ఉన్న నాకు ఈ గ్రూపు నప్పింది. పసిపిల్లలున్నవారికి ఇదే మాట చెప్పలేను. కొత్తగా వెళ్లేవారు రైలెక్కకముందే ఆ రోజు బ్యాక్‌మార్కర్ ఎవరో అడగడం మంచిది. నేనైతే ఇప్పటికీ అడుగుతాను. ఆ పెద్దాయన రాని రోజున మాడరేట్, అంటే మధ్యరకం కష్టం, అని రాసిన నడకలకు పోను.