విమ్ ఎడిటర్‌కు సిగ్నళ్ల పరీక్ష: కొన్నేళ్ల వాడకం తర్వాత

మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లుల్లో వేబ్రిడ్జి తూకాలను, ధాన్యం లెక్కలను చూసే చిన్న లినక్స్ యంత్రాలను నేను నల్లగొండలోని ఇంటి నుంచే ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని యంత్రంలోకి నెట్ మీదుగా భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) ద్వారా నిర్వహిస్తుంటాను. ఆ పనిలో కొన్నేళ్లుగా నా చేతిలో ఉన్న టెక్స్ట్ ఎడిటర్ విమ్. దాని షార్ట్‌కట్ల గురించీ ప్లగిన్ల గురించీ చెప్పేవారు చాలామందే ఉన్నారు కనుక వాటి జోలికి పోకుండా, ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి సిగ్నల్ వచ్చినప్పుడు విమ్ ఎలా ప్రవర్తిస్తుందో, దానిని నేనెలా పరీక్షించి చూశానో మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

యూనిక్స్ కుటుంబానికి చెందిన వ్యవస్థల్లో నడుస్తున్న ప్రోగ్రాముకు కర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) ద్వారా అందే సంకేతమే సిగ్నల్. టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే తెర) తెగిపోతే హప్ వస్తుంది, దాని సంఖ్య 1. కీబోర్డు మీద కంట్రోల్-సీ నొక్కితే ఇంట్, సంఖ్య 2. మర్యాదగా ముగించమని చెప్పేది టర్మ్, సంఖ్య 15. 9వ సంఖ్య గల కిల్‌ను మాత్రం ఏ ప్రోగ్రామూ పట్టుకోలేదు, వాయిదా వేయలేదు. పరీక్షకు పెద్ద సామగ్రి ఏదీ అక్కరలేదు. ఒక టెర్మినల్‌లో ఫైలు తెరిచి, కొన్ని వరుసలు టైపు చేసి, సేవ్ చేయకుండా వదిలి, రెండో టెర్మినల్ నుంచి పీగ్రెప్ ఆదేశంతో విమ్ ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాము) సంఖ్య కనుక్కొని కిల్ ఆదేశంతో ఒక్కో సిగ్నల్‌ను పంపితే సరిపోతుంది. విమ్ సోర్స్ కోడ్‌లోనూ సిగ్నళ్ల కోసం ప్రత్యేకంగా ఒక పరీక్షా ఫైలు ఉంది. అయితే అక్కడ నెగ్గిన ఎడిటర్ మన యంత్రంలో, మన సెట్టింగులతో కూడా నెగ్గుతుందో లేదో మనమే చూసుకోవాలి.

టర్మ్ పంపగానే విమ్ ప్రాణాంతక సిగ్నల్ అందిందని తెరపై తెలిపి, ఫైళ్లను భద్రపరుస్తున్నానని మరో వరుస రాసి, ముగించానని చెప్పి తప్పుకుంటుంది. ఇదంతా రెప్పపాటులో జరుగుతుంది. అసలు ఫైలును తెరిచి చూస్తే నేను టైపు చేసిన వరుసలు అందులో ఉండవు. అవి పక్కనే చుక్కతో మొదలయ్యే పేరుగల స్వాప్ ఫైలులో, అంటే సేవ్ చేయని మార్పులను విమ్ దాచే ఫైలులో ఉంటాయి. మళ్లీ అదే ఫైలును తెరిచి రికవర్ ఎంచుకుంటే, సిగ్నల్ అందే క్షణానికి టైపు చేసిన చివరి అక్షరంతో సహా అన్నీ తిరిగి వస్తాయి. హప్‌కు కూడా ఫలితం ఇదే.

అసలు ఫైలునే సేవ్ చేసి ఉండవచ్చు కదా అని కొత్తవారు అడుగుతారు. చేయకపోవడమే సరైనదని నా అభిప్రాయం, దానికి కారణం నా పనిలోనే ఉంది. ఒక మిల్లులో ధాన్యం తేమకు కోత లెక్కించే ప్రోగ్రాము ఒక సాదా సెట్టింగుల ఫైలును చదువుతుంది. అందులో 17 అని ఉన్న చోట వేరే సంఖ్య వేయడానికి పాతదాన్ని చెరిపి 1 మాత్రమే కొట్టిన క్షణంలో కనెక్షన్ తెగిందనుకుందాం. ఎడిటర్ అతిగా సాయం చేయబోయి అసలు ఫైలునే రాసేస్తే, తర్వాత కాంటా మీదికి వచ్చే లారీకి ఒక శాతం తేమ పరిమితితో కోత పడుతుంది, రైతుకూ మిల్లుకూ పంచాయితీ మొదలవుతుంది. సగం మార్పును అసలు ఫైలుకు అంటకుండా వేరుగా ఉంచడం వల్లే ఆ ప్రమాదం తప్పుతోంది. నానో అనే మరో ఎడిటర్ కూడా హప్, టర్మ్ వచ్చినప్పుడు అసలు పేరుకు సేవ్ అన్న తోక తగిలించి మరో ఫైలు రాస్తుంది కనుక ఈ విషయంలో దానినీ తప్పుపట్టలేం. పైగా దాని ఫైలు మామూలు టెక్స్ట్ కాబట్టి తెరిచి చూసుకోవచ్చు, విమ్ స్వాప్ ఫైలును విమ్‌తో తప్ప చదవలేము.

సిగ్నల్ ఎప్పుడు వస్తుందో చెప్పలేం కాబట్టి, ఎడిటర్ తన సొంత డేటాను సగం మార్చిన స్థితిలో ఉండగా కూడా రావచ్చు. విమ్ అందుకే పని మధ్యలో ఉన్నప్పుడు హప్, టర్మ్ వంటి వాటిని వెంటనే పట్టించుకోదు. వచ్చిందని గుర్తుపెట్టుకొని, నడుస్తున్న పనిని ఆపించి, మీట కోసం ఎదురుచూసే స్థితికి చేరాక భద్రపరిచే పని మొదలుపెడుతుంది. చాలా పెద్ద లాగ్ ఫైలులో మార్పిడి ఆదేశం నడుస్తుండగా టర్మ్ పంపి చూశాను, స్వాప్ ఫైలు చెడిపోలేదు. చనిపోతున్న సంగతి స్క్రిప్టులకు తెలిసేలా ఒక చలరాశి కూడా ఉంది, దాని విలువ మామూలుగా సున్నా, ప్రాణాంతక సిగ్నల్ వస్తే ఒకటి అవుతుంది. సహాయ పుటల్లో దానికి ఇచ్చిన ఉదాహరణ ఎడిటర్ చేత చావుకేక పెట్టిస్తుంది. 1991లో విమ్‌ను విడుదల చేసి, 2023లో మరణించే వరకు దానిని నడిపించిన బ్రామ్ మూలెనార్ హాస్యం అలాంటిది.

కిల్ పరీక్షలో మాత్రం నష్టం తప్పదు. ఆ సిగ్నల్ విమ్‌కు అందనే అందదు కాబట్టి అంతకు ముందు స్వాప్ ఫైలులోకి చేరినదే మిగులుతుంది. మొదటి అమరిక ప్రకారం 200 అక్షరాలు టైపు చేశాక గానీ, 4 సెకన్లు చేయి ఆపితే గానీ స్వాప్ ఫైలు రాయబడుతుంది. ఆపకుండా వేగంగా కొట్టేవారికి సెకన్ల లెక్క వర్తించదు, 200 అక్షరాల దాకా పోవచ్చు. ఫోన్‌లో టెర్మక్స్ (ఆండ్రాయిడ్‌కు టెర్మినల్ ఆప్) వాడేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ఎందుకంటే మెమరీ చాలనప్పుడు ఆండ్రాయిడ్ ఆప్‌లను ఇదే సిగ్నల్‌తో ముగిస్తుంది. హైదరాబాద్ బస్సులో కూర్చుని ఏదో సరిచేస్తుంటే, సిగ్నల్ 9తో ప్రాసెస్ ముగిసిందన్న ఒక్క వరుస మిగులుతుంది. నేను అక్షరాలను 50కి, సమయాన్ని ఒక సెకనుకు తగ్గించుకున్నాను. వేగంలో తేడా ఏమీ కనిపించలేదు.

కరెంటు పోవడం వేరే సంగతి, అప్పుడు సిగ్నలే ఉండదు. విద్యుత్ అందడం లేదని తెలిపే పీడబ్ల్యూఆర్ అన్న సిగ్నల్ లినక్స్‌లో ఉంది, అది అందితే విమ్ మూసుకుపోకుండానే స్వాప్ ఫైళ్లను డిస్కుకు చేర్చి పని కొనసాగిస్తుంది. చక్కటి ఏర్పాటే, కానీ మన ఇళ్లలోని ఇన్వర్టర్‌కు కంప్యూటర్‌తో మాట్లాడే తీగే ఉండదు. అందువల్ల ఈ పరీక్షలో విమ్ నెగ్గినా, వేసవి గాలిదుమారం రోజున నాకు ఒరిగింది లేదు. అలాంటప్పుడు పనికొచ్చేది మరొకటి: స్వాప్ ఫైలును రాసిన ప్రతిసారీ దానిని డిస్కు మీదికి నిజంగా చేర్చాలన్న సెట్టింగు విమ్ మొదటి అమరికలోనే ఆన్‌లో ఉంటుంది.

నేను ఎక్కువగా ఎదుర్కొనేది కనెక్షన్ తెగడం. ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. నా వైపు నెట్ పోయిన క్షణంలోనే మిల్లు యంత్రానికి ఆ సంగతి తెలియదు, కాబట్టి హప్ వెంటనే పుట్టదు. నేను మళ్లీ లాగిన్ అయి అదే ఫైలును తెరిచేసరికి పాత విమ్ ఇంకా బతికే ఉంటుంది. స్వాప్ ఫైలు ఉందంటూ వచ్చే పొడవాటి హెచ్చరికలో ప్రాసెస్ సంఖ్య పక్కన అది ఇంకా నడుస్తోందని రాసి ఉంటుంది. అప్పుడు రికవర్ నొక్కడానికి తొందరపడకుండా బయటికి వచ్చి, ఆ సంఖ్యకు నేనే టర్మ్ పంపుతాను. పాతది తన దగ్గరున్నదంతా భద్రపరిచి తప్పుకుంటుంది, ఆ తర్వాతే రికవర్ చేస్తాను. కనెక్షన్ తెగినా లోపలి పనిని నడుపుతూ ఉంచే టీమక్స్ అనే ప్రోగ్రాములో పనిచేస్తే ఈ బాధే ఉండదు, కానీ అన్ని మిల్లుల్లో అది ఇన్‌స్టాల్ చేసి ఉండదు.

ఆ హెచ్చరిక రాసిన తీరు మాత్రం నాకు నచ్చలేదు. ఒక తెర నిండా వివరాలు, అడుగున అయిదారు ఎంపికలు. మిల్లులో కుర్రవాడు దాన్ని చూసి "అన్నా, ఫైలు ఖరాబైనట్టుంది, డిలీట్ కొట్టాల్నా?" అని ఫోన్ చేస్తాడు. డిలీట్ కొడితే పోయేది దాచిపెట్టిన ఆ ఒక్క ప్రతే. రికవర్ చేశాక కూడా స్వాప్ ఫైలు దానంతట అది పోదు, మనమే తీసేయాలి. తీసేయకపోతే తర్వాత తెరిచినప్పుడు అదే హెచ్చరిక మళ్లీ వస్తుంది. ఈ చిరాకుతోనే చాలామంది స్వాప్ ఫైలునే వద్దనే సెట్టింగు పెట్టుకుంటారు. అలా పెట్టి టర్మ్ పరీక్ష చేస్తే విమ్ సిగ్నల్ అందిందనీ ముగించాననీ మాత్రమే తెరపై చెప్పి పోతుంది, భద్రపరుస్తున్నానన్న వరుసే రాదు, తిరిగి వచ్చేది ఏదీ ఉండదు.

కంట్రోల్-జడ్ గురించి కూడా చెప్పాలి. ఇతర ఎడిటర్లలో అది చేసిన మార్పును వెనక్కి తీసుకుంటుంది, టెర్మినల్‌లోని విమ్‌లో ఎడిటర్‌నే నిద్రపుచ్చుతుంది. ఫైలు సేవ్ కాదు, ఎఫ్‌జీ అని కొడితే మళ్లీ లేస్తుంది. నిద్రపోతున్న విమ్ ఉండగానే ఎవరైనా టెర్మినల్ మూసేస్తే ఏమవుతుందో చూశాను. మన ఆదేశాలను అందుకునే షెల్ ప్రోగ్రాము బ్యాష్ ఆగిన పనులకు హప్‌తో పాటు లేపే సిగ్నల్‌ను కూడా పంపుతుంది కాబట్టి విమ్ లేచి, భద్రపరిచి, ముగుస్తుంది. తెర పరిమాణం మారిందని తెలిపే సిగ్నల్ దగ్గర ఫోన్‌ను అడ్డంగా తిప్పినా ఇబ్బంది రాలేదు.

స్వాప్ ఫైళ్లు అసలు ఫైళ్ల పక్కనే చెదురుమదురుగా పడి ఉండటం నచ్చనివారు వాటికి ఒక డైరెక్టరీ కేటాయించి, దాని పేరు చివర రెండు స్లాష్ గీతలు (//) పెడితే పూర్తి దారితో సహా పేరు నిలుస్తుంది, ఒకే పేరుగల రెండు ఫైళ్లు కలగాపులగం కావు. విమ్ నుంచి పుట్టిన నియోవిమ్ అనే ఎడిటర్ తన మొదటి అమరికలోనే ఇలా చేస్తుంది. ఆ డైరెక్టరీని తాత్కాలిక ఫైళ్లు ఉండే టెంప్‌లో మాత్రం పెట్టకూడదు, యంత్రం మళ్లీ మొదలైనప్పుడు చాలా లినక్స్ పంపిణీల్లో (డిస్ట్రోల్లో) టెంప్ ఖాళీ అవుతుంది.