బీచ్‌లో నాటక సాధనకు నడుము మైకు: ఒక సమీక్ష

బడిలో ఉపాధ్యాయులు, పర్యాటక స్థలాల్లో గైడ్లు నడుముకు కట్టుకుని, నోటి ముందు సన్నని మైకు పెట్టుకుని మాట్లాడే చిన్న స్పీకరును విశాఖపట్నం ఆర్కే బీచ్‌లో రిహార్సళ్లకు వాడిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. మా నాటకం వేదిక మీద ఆడేది కాదు; 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా ఉన్న ఐఎన్‌ఎస్ కురుసుర జలాంతర్గామి దగ్గర మొదలై, ప్రేక్షకులను వెంటబెట్టుకుని ఇసుకలోకి దిగి, అలల అంచున ముగుస్తుంది. ఇటువంటి దాన్ని హాలులో ఎంత సాధన చేసినా చివరికి ఆ చోటికి వెళ్లి చేయక తప్పదు, వెళ్లగానే ఎదురయ్యే మొదటి ఇబ్బంది సముద్రపు హోరు.

దర్శకుడి గొంతు కాపాడటానికి ఈ పరికరం అక్షరాలా పనికివస్తుంది. ఇసుకలో చెదిరి ఉన్న నటులకు "వెనక్కి రండి, మళ్లీ మొదటినుంచి" అని చెప్పడానికి ఇకపై అరవనక్కరలేదు. అయితే ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం ఆరు డెసిబెళ్ల చొప్పున తగ్గుతుంది కనుక, తరగతి గది కోసం చేసిన స్పీకరు నుంచి మైదానమంతా నిండే ధ్వనిని ఆశించకూడదు. పెట్టె మీద ఎన్ని వాట్లని రాసినా అలల పక్కన దాని రాజ్యం చిన్నదే.

అసలు పరీక్ష గాలి దగ్గర. ఎండ ఎక్కిన కొద్దీ నేల నీటికంటే త్వరగా వేడెక్కుతుంది, గాలి సముద్రం మీంచి ఒడ్డుకు మళ్లుతుంది, అది నేరుగా మైకులో పడి మాటలకు బదులు బుసబుసలు వినిపిస్తుంది. పెట్టెలో వచ్చే పలుచని స్పాంజి తొడుగు దీనికి చాలదు. కాస్త దళసరిది విడిగా కొని తొడిగాక తేడా స్పష్టంగా తెలిసింది. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. గాలికి ఎదురుగా వెళ్లే శబ్దం పైకి వంగిపోతుంది, గాలి వాలున వెళ్లేది కిందికి వంగి దూరం దాకా వినిపిస్తుంది. అందువల్ల దర్శకుడు నీళ్ల వైపు నిలబడి రోడ్డు వైపు ఉన్నవారితో మాట్లాడితే వినబడిన మాట, చోట్లు మారి రోడ్డు వైపు నుంచి నీళ్ల వైపు ఉన్నవారితో మాట్లాడితే అంతే దూరంలో వినబడదు. ఈ లోపం పరికరానిది కాదు. ప్రేక్షకులను ఎటు నిలబెట్టాలో మాకు తేల్చిచెప్పింది కూడా ఇదే.

తీగ ఉన్న రకాన్నే నేను సిఫారసు చేస్తాను. బ్లూటూత్ రకంలో మాట స్పీకరుకు చేరడం కొద్దిగా ఆలస్యమవుతుంది. సెకనులో పదో వంతు జాప్యమంటే గాలిలో శబ్దం సుమారు 34 మీటర్లు ప్రయాణించేంత కాలం, తన మాట తనకే ఆలస్యంగా వినిపిస్తే మాట్లాడేవారు తడబడతారు. తీగ రకంలో నోరు స్పీకరు వైపు వంగితే కీచుమని కూత వస్తుంది, కనుక స్పీకరును వీపు వైపుకు తిప్పుకోవడం మేలు.

నటులకు మాత్రం దీన్ని ఇవ్వకండి. మైకుతో సాధన చేసిన సంభాషణ అది లేనప్పుడు ఎంతమందికి అందుతుందో ఎవరికీ తెలియకుండా పోతుంది. బుర్రకథలో కథకుడి మాటను వంతలు అందుకుని తిరిగి పలికే పద్ధతి ఆరుబయట చాలా పనికొచ్చేది. మేము కీలకమైన వాక్యాలను అలాగే ఇద్దరికి పంచాము, హోరులో ఒకటి పోయినా రెండోది అందింది.

కొనేముందు చట్టం సంగతీ చూసుకోవాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం లౌడ్‌స్పీకరు వాడాలంటే అధికారి రాతపూర్వక అనుమతి ఉండాలి, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట వాడకూడదు. నడుముకు కట్టుకునేంత చిన్నది కదా అని వదిలేయకుండా, రిహార్సలుకు తీసుకునే అనుమతిలోనే దీన్నీ రాయించుకోవడం నయం. గాలి నెమ్మదిగా ఉండే వేకువలో కొంత భాగం ఈ నిషేధంలోనే పోతుంది కనుక, ఆరు కొట్టేదాకా మేము చేతి సైగలతోనే కదలికలు సరిచూసుకునేవాళ్లం.

ఇక మన్నిక. ఉప్పుగాలికి మైకు తీగ చివరి పిన్ను త్వరగా చిలుము పడుతుంది, ఛార్జింగ్ రంధ్రంలో ఇసుక చేరుతుంది. రబ్బరు మూత ఉన్న రకాన్ని ఎంచుకుని, ఇంటికి రాగానే పొడిగుడ్డతో తుడిచి, అదనంగా ఒక మైకు తీగ సంచిలో ఉంచుకోండి.