పాత కట్టడాల మరమ్మతు నేర్పే కోర్సు: చేరొచ్చా?

ఆర్కిటెక్చర్ చదివి పదేళ్లుగా కొత్త బిల్డింగులే గీస్తున్న నాకు పాత గోడ ముట్టుకోవాలంటే టెన్షన్. ఆ భయం పోతుందేమోనని ఈ పన్నెండు వారాల ఆన్‌లైన్ కోర్సులో చేరాను. మొత్తం ఒక్క మాస్టారే చెబుతారు. ఆయనా ఆర్కిటెక్టే, సర్వీసులో సగం క్లాసురూముల్లో, సగం పరంజాల మీద గడిపినాయన. ఆ రెండో సగమే ఈ కోర్సుకి ప్రాణం.

మొదటి రెండు వారాలు మాత్రం ఓపిక పట్టాలి. 1931 ఏథెన్స్ చార్టర్, 1964 వెనిస్ చార్టర్, 1994 నారా పత్రం, అంటే పాత కట్టడాల్ని ఎలా కాపాడాలో చెప్పే అంతర్జాతీయ పత్రాలు, వాటి మీద స్లయిడ్ల మీద స్లయిడ్లు. నేనైతే స్పీడు పెంచి విన్నాను. కానీ వెనిస్ చార్టర్‌లోని ఒక్క మాట పట్టుకుని ఆయన గంటసేపు మాట్లాడారు: ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలి అని. వినడానికి తేలిగ్గానే ఉంటుంది. వెంటనే పారిస్‌లోని నోత్రదామ్ చర్చి మీద అసైన్‌మెంట్ ఇచ్చారు. 2019లో కాలి కూలిన ఆ శిఖరం మధ్యయుగాల నాటిది కాదు, 19వ శతాబ్దంలో ఫ్రెంచ్ ఆర్కిటెక్టు వియొలె-ల్యు-డ్యుక్ తన సొంత డిజైన్‌తో పెట్టింది. మరి దాన్ని మళ్లీ అచ్చం అలాగే కట్టడం సబబేనా? రెండు పేజీలు రాయమంటే రాసిందంతా రెండుసార్లు చెరిపేసి మూడోసారి పంపాను.

అసలు సరుకు నాలుగో వారంలో ఉంది. ఒక పాత ఇటుక గోడ దగ్గర నిలబడి తీసిన వీడియో అది. ఎవరో పుణ్యాత్ములు ఇటుకల మధ్య జాయింట్లన్నీ సిమెంటుతో నింపేశారు. సిమెంటు గీతలు గట్టిగా, గట్లలాగా నిలబడి ఉన్నాయి, మధ్యలో ఇటుకలు లోపలికి తినేసినట్టు ఉన్నాయి. ఆయన గోటితో గీరితే ఎర్రటి పొడి రాలింది. సున్నం జాయింటు గోడలోని తేమని బయటికి పోనిస్తుంది, సిమెంటు పోనివ్వదు, దాంతో తేమ ఇటుకలోంచే దారి వెతుక్కుంటుంది, దాంతోపాటు వచ్చిన లవణాలు అక్కడే గడ్డకట్టి ఇటుక ముఖాన్ని పొరలు పొరలుగా ఊడగొడతాయి. అరిగిపోవాల్సింది జాయింటు, ఎందుకంటే దాన్ని మళ్లీ నింపుకోవచ్చు. ఇన్నేళ్లలో నాకు ఈ ముక్క ఎవరూ చెప్పలేదు.

ఏథెన్స్‌లోని ప్రాచీన గుడి పార్థెనాన్ మీద పాఠం కూడా అంతే బాగుంది. ప్రాచీన గ్రీకులు రాళ్లను కలిపే ఇనుప బిగింపుల చుట్టూ తుప్పు పట్టకుండా సీసం పోశారు. 20వ శతాబ్దం మొదట్లో గ్రీకు ఇంజినీరు బాలనోస్ చేయించిన మరమ్మతుల్లో సీసం లేకుండా ఇనుము వాడారు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి పాలరాయిని చీల్చింది. తర్వాతి తరం వాళ్లు ఆ ఇనుము తీసి టైటానియం పెడుతూ వచ్చారు, అంటే మరమ్మతుకే మరమ్మతు అన్నమాట. ఇది చెప్పి ఊరుకోకుండా మాస్టారు తను కుర్రతనంలో ఒక పైకప్పు విషయంలో చేసిన ఇలాంటి పొరపాటునీ ఫొటోలతో సహా చూపించారు. పాఠాలు చెప్పేవాళ్లలో అలా చూపించేవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు.

ఇక లోపాలు. త్రీడీ స్కానింగ్ వారం శుద్ధ దండగ, సాఫ్ట్‌వేర్‌లో ఏ బటన్ ఎక్కడుందో చూపించి ముగించేశారు. అదే టేపు పట్టుకుని చేత్తో కొలిచే వారం చాలా నయం: ఇంట్లో ఒక గదికి రెండు కర్ణాలూ (మూలలు సరిగ్గా ఉంటే రెండూ సమానం కావాలి) కొలవమంటే నా గదికి నాలుగు సెంటీమీటర్ల తేడా వచ్చింది, అది నేను గీసిన ఇల్లే మరి! సున్నం పని తెలిసిన మేస్త్రీని ఎలా వెతకాలి, ఎస్టిమేట్ ఎలా వెయ్యాలి, సిమెంటే కావాలని పట్టుబట్టే ఓనరుకి ఎలా నచ్చజెప్పాలి, వీటి ఊసే లేదు. పనిలో దిగితే ముందు ఎదురయ్యేవి అవే కదా.

అప్పుడే డిగ్రీ అయినవాళ్ల కంటే ఓ నాలుగైదేళ్లు సైటులో తిరిగినవాళ్లకి ఎక్కువ పనికొస్తుంది. నాలుగో వారం నుంచి మొదలుపెట్టి, చార్టర్లు తర్వాత చూసినా నష్టం లేదు. అసైన్‌మెంట్ల మీద మాస్టారు రాసే కామెంట్లు బాగుంటాయి, కాకపోతే కోర్సు ఆఫీసు వాళ్లు వాటిని తిరిగి పంపడానికి వారాలు పట్టిస్తారు. నోత్రదామ్ మీద నేను రాసింది ఇప్పటికీ రాలేదు.