జపనీస్ దినచర్య పదాల కోర్సు కొనబోతున్నారా? ముందు ‘వేడినీళ్ళు’ పాఠం అడిగి చూడండి

జపాన్‌లో వృద్ధుల సంరక్షణ పనికి వెళ్ళాలని చదువుకుంటున్న తెలుగువాళ్ళు, ముఖ్యంగా నాలాగా నర్సింగ్ చేసి వస్తున్న చెల్లెళ్ళు, ఇది చదివిన తరువాతే డబ్బు కట్టండి. స్నానం, పళ్ళు తోముకోవడం, బట్టలు మార్చుకోవడం వంటి రోజువారీ పనుల జపనీస్ మాటలన్నీ తెలుగులో నేర్పిస్తామని చెప్పి ఆన్‌లైన్‌లో అమ్మిన ఒక కోర్సును 6,500 రూపాయలు పెట్టి కొన్నాను. డబ్బు పోయింది. అంతకంటే పెద్ద నష్టం, నోటికి తప్పు మాటలు పట్టుకున్నాయి. కోర్సు పేరు ఇక్కడ రాయడం లేదు, ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. ఇలాంటివే వేరే పేర్లతో కూడా కనిపిస్తున్నాయి కాబట్టి పేరుకన్నా సరుకును గుర్తుపట్టడం ముఖ్యం.

ఈ మాటలకు ఇంత విలువ ఎందుకో ముందు చెప్పాలి. వారం రోజులు చూసి వెళ్ళిపోయే పర్యాటకుడికి గోళ్ళు తీయడాన్ని, పుక్కిలించడాన్ని జపనీస్‌లో ఏమంటారో తెలియకపోయినా గడిచిపోతుంది. మన పనే అది. నిర్దిష్ట నైపుణ్యాల వీసా మీద కార్మికులను పంపడానికి భారత్, జపాన్ 2021 జనవరిలో ఒప్పందం చేసుకున్నాయి. ఆ దారిలో సంరక్షణ పనికి వెళ్ళాలంటే జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా పరీక్షలో ఎన్4 స్థాయి అయినా ఉండాలి, లేదా జేఎఫ్‌టీ బేసిక్ అనే ఇంకో భాషా పరీక్షలో 250కి 200 మార్కులైనా రావాలి. దానితోపాటు సంరక్షణ నైపుణ్యంపై 45 ప్రశ్నల పరీక్ష, సంరక్షణలో వాడే జపనీస్‌పై విడిగా 15 ప్రశ్నల పరీక్ష ఉంటాయి. చివరి పరీక్షకు పనికొస్తుందనే నేను ఆ కోర్సు కొన్నాను. ఉచితంగా చూపించిన మొదటి పాఠం చక్కగా ఉంది. అందులో ఉన్నవి పలకరింపులు. పలకరింపులు ఎవరైనా సరిగ్గానే రాస్తారు.

ఉద్యోగంలో చేరిన మూడో వారం నాకు స్నానాల గదిలో పని ఇచ్చారు. ఎనభై దాటిన ఒక పెద్దావిడ స్నానపు కుర్చీలో కూర్చుని ఉన్నారు. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయో లేదో నా చేతి మీద పోసుకుని చూశాను. పాదాల నుంచి మొదలుపెట్టాలని నేర్పించారు, అలాగే వంగి కూర్చున్నాను. పోసే ముందు చెప్పాలి కదా అని “మిజు ఒ కకెమస్ నె” అన్నాను. నీళ్ళు పోస్తున్నానండీ అని నా ఉద్దేశం. ఆవిడ ఒక్కసారిగా రెండు చేతులూ గుండెకు హత్తుకుని, భుజాలు ముడుచుకుని “ఇయ, ఇయ” అన్నారు. వద్దు, వద్దు అని. పక్కనున్న సీనియర్ వచ్చి, ఆవిడ భుజం మీద చేయి వేసి “ఒయు, ఒయు” అని నెమ్మదిగా చెప్పేదాకా ఆ చేతులు విడిపోలేదు.

జపనీస్‌లో ‘మిజు’ అంటే చన్నీళ్ళు. చల్లని అన్న మాట విడిగా చేర్చనక్కరలేదు. కాచిన నీళ్ళకు వేరే మాట ఉంది, అదే ‘ఒయు’. నా కోర్సులో వేడినీళ్ళకు ‘అత్సుఇ మిజు’ అని ఇచ్చారు. వేడికి ఒక మాట, నీళ్ళకు ఒక మాట తెచ్చి పక్కపక్కన పెట్టారు, అంతే. జపాన్ వాళ్ళు అలా అనరు. కోర్సు తరువాత, ఉద్యోగంలో చేరకముందే, తరగతిలో ‘ఒయు’ నేర్చుకున్నాను, పరీక్షలో సరిగ్గానే రాశాను. కానీ కంగారులో నోటికి వచ్చింది మొదట నాటుకున్న మాటే. మన భాష తప్పయితే అంగడిలో ఒక వస్తువుకు బదులు ఇంకొకటి ఇస్తారు, అంతటితో పోతుంది. ఇక్కడ మాట తప్పయితే ఒంటి మీద బట్ట లేకుండా, మనల్నే నమ్ముకుని కూర్చున్న మనిషి భయపడతారు. అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

ఆ రాత్రి కోర్సు మొత్తం మళ్ళీ తెరిచి కూర్చున్నాను. జపనీస్ మాటలను ముందు ఇంగ్లీషు అక్షరాల్లోకి, ఆ ఇంగ్లీషును మళ్ళీ తెలుగులోకి యంత్రంతో మార్చారని అప్పుడు అర్థమైంది. బట్టలు వేసుకోండి అనడానికి ‘కితె కుదసై’ అనాలి. కోర్సులో ‘కైట్ కుదసై’ అని ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఆ మాట గాలిపటాన్ని అనే ‘kite’లా కనిపిస్తుంది కాబట్టి యంత్రం అలాగే చదివింది. కత్తిరించండి అనడానికి ‘కిత్తె కుదసై’. ఒక్క త వత్తు తేడాతో బట్టలు తొడగడం, కత్తిరించడం మారిపోతాయి. గోళ్ళను ‘త్సుమె’ అంటారు, కోర్సు ‘ట్స్యూమ్’ అంది. ‘ఒబసన్’ అంటే పిన్ని వయసావిడ, ‘ఒబాసన్’ అంటే అవ్వ. కోర్సులో రెండింటికీ ‘ఒబాసాన్’ అనే ఉంది. (సంరక్షణ గృహంలో ఈ రెండూ వాడరు, ఇంటిపేరుకు ‘సన్’ చేర్చి పిలుస్తారు. అది కూడా కోర్సులో లేదు.)

నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే. హ్రస్వం, దీర్ఘం, ద్విత్వం మనకు గుణింతాలు, వత్తులు దిద్దే వయసులోనే వస్తాయి. ‘ఎ’కూ ‘ఏ’కూ, ‘ఒ’కూ ‘ఓ’కూ మనకు వేరువేరు అక్షరాలున్నాయి, హిందీ లిపికి ఆ వీలు లేదు. జపనీస్ పలకడానికి సరిగ్గా ఇదే కావాలి. చెవి పెట్టి విని రాసి ఉంటే తెలుగు లిపి ఇంగ్లీషు అక్షరాలకన్నా బాగా పనికొచ్చేది. అంత మంచి పనిముట్టును చేతిలో పెట్టుకుని పాడుచేశారు.

అర్థాలు కూడా అంతే. ముక్కు చీదడాన్ని జపనీస్‌లో ‘హన ఒ కము’ అంటారు. ‘కము’కు నమలడం, కొరకడం అని ఇంకో అర్థం ఉంది కాబట్టి కోర్సులో ‘ముక్కు కొరకడం’ అని అచ్చయింది. చీదడం అన్న మాట తెలిసిన తెలుగు మనిషి ఒక్కరు ఆ పేజీ చూసినా ఆగిపోయేది. మనం చీర కట్టుకుంటాం, చొక్కా వేసుకుంటాం, కళ్ళజోడు పెట్టుకుంటాం. వాళ్ళకూ అలాగే చొక్కాకు ‘కిరు’, ప్యాంటుకూ మేజోళ్ళకూ బూట్లకూ ‘హకు’, టోపీకి ‘కబురు’, కళ్ళజోడుకు ‘కకెరు’ అని వేరువేరుగా ఉన్నాయి. ఇంత దగ్గరి పోలికను వదిలేసి కోర్సు అన్నిటికీ ‘కిరు’ అనే నేర్పింది. స్నానం సంగతీ అంతే. ‘ఫురొ ని హైరు’ అంటే తొట్టిలో దిగి కూర్చోవడం, అది కూడా బయట ఒళ్ళు శుభ్రంగా కడుక్కున్న తరువాత. ఒంటి మీద నీళ్ళు పోసుకోవడానికి ‘అబిరు’ అనే మాట వేరే ఉంది. కోర్సు రెండింటికీ స్నానం చేయుట అని రాసి వదిలేసింది.

కట్టుడు పళ్ళకు ‘నిసె నొ హ’ అని రాశారు, అంటే నకిలీ పళ్ళు. పెద్దవాళ్ళు అనే మాట ‘ఇరెబ’, పుస్తకాల్లో ‘గిషి’ అని ఉంటుంది, రెండూ రావాలి. ఇక మర్యాద సంగతి. నోరు తెరవండి అనడానికి ‘కుచి ఒ అకెతె కుదసై’ అనాలి. కోర్సు వాక్యాలు ‘అకెరొ’ అని ముగుస్తాయి. తాతగారి వయసు మనిషిని పట్టుకుని ‘నోరు తెరువు’ అని గద్దించినట్టు ఉంటుంది. నేను నేర్చుకున్నది ఎవరితో మాట్లాడటానికో రాసినవాళ్ళకు తెలియదు. పక్షవాతం వచ్చినవాళ్ళకు బట్టలు తొడిగేటప్పుడు పడిపోయిన వైపు నుంచి మొదలుపెట్టాలి, విప్పేటప్పుడు బాగున్న వైపు నుంచి. దీన్ని ‘చక్కన్ దక్కెన్’ అంటారు. సంరక్షణలో మొదట నేర్పే సూత్రాల్లో ఇది ఒకటి. 1,500 పదాల కోర్సులో ఇది ఎక్కడా లేదు.

అమ్మేటప్పుడు “నచ్చకపోతే ఎప్పుడైనా డబ్బు వాపసు” అన్నారు. అడిగితే, ఫైళ్ళు దించుకున్నారు కాబట్టి వాపసు కుదరదన్నారు. తప్పుల పట్టిక రాసి వాళ్ళ గ్రూపులో పెట్టాను. సాయంత్రానికల్లా దాన్ని తీసేశారు, నన్నూ తీసేశారు. డబ్బు కట్టింది మా అన్నయ్య ఫోను నుంచి కాబట్టి ఆయన చేత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయించాను. చెల్లింపు రసీదు, వాపసు హామీ ఉన్న పేజీ ఫొటో మా దగ్గర ఉండబట్టి అది నమోదైంది. మీరు ఏ కోర్సు కొన్నా, హామీ ఇచ్చిన పేజీని డబ్బు కట్టకముందే ఫొటో తీసి పెట్టుకోండి.

కొనకుండా కూడా నేర్చుకోవచ్చు. జపాన్ ఫౌండేషన్ వారి ‘ఇరొదొరి’ పాఠ్యపుస్తకాలు, వాటి ఆడియోతో సహా, వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వివరణలు ఇంగ్లీషులో చదువుకోవచ్చు. సంరక్షణ నైపుణ్య పరీక్షకు కావలసిన పాఠ్యపుస్తకం కూడా ఇంగ్లీషులో ఉచితంగా ఉంది. ఆడియో వింటూ, విన్నది విన్నట్టుగా మీ చేత్తో తెలుగులో రాసుకోండి. నేను ఇప్పుడు అలాగే చేస్తున్నాను, పాత మాటలను ఒక్కొక్కటిగా కొట్టేస్తున్నాను.

అయినా తెలుగు కోర్సే కావాలనుకుంటే, అమ్మేవాళ్ళు చూపించే మొదటి పాఠంతో సరిపెట్టుకోకండి. వేడినీళ్ళు, కట్టుడు పళ్ళు, ముక్కు చీదడం, బట్టలు వేసుకోండి అని చెప్పడం, ఈ నాలుగూ ఉన్న పేజీలు అడగండి. చూపించడానికి వెనకాడితే వదిలేయండి.

నిన్న నా స్నేహితురాలు ఒక ప్రకటన పంపింది. అదే కోర్సు, పండుగ తగ్గింపు పేరుతో 4,999 రూపాయలకు. నమూనాగా పన్నెండో పాఠం మొదటి పేజీ జత చేశారు. రెండో వరుసలో ‘కైట్ కుదసై’ అలాగే ఉంది.